హాబీ ఉన్న కోడలు

'హాబీ' అనే మాటను కనిపెట్టినవారెవరో నాకు తెలియదు. తెలిస్తే కళ్యాణదుర్గం బస్టాండు ముందర వారికి నిలువెత్తు విగ్రహం పెట్టించమని అర్జీ రాసేదాన్ని. మన ఇళ్లకు ఇంత మేలు చేసిన మాట మరొకటి లేదు!

నమ్మరా? అయితే మా పక్కవీధి పద్మప్రియ సంగతి వినండి.

పద్మప్రియ పూసల దండలు చేస్తుంది. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. మధ్యాహ్నం వంటా వార్పూ అయ్యాక, గడప దగ్గర వెలుతురు పడేచోట చాప వేసుకుని, అరలరల ప్లాస్టిక్ డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంటుంది. ఆవగింజలంత పూసలు. ఒక్కొక్కటే సూదికెక్కాలి. ఒక దండకు రెండు మధ్యాహ్నాలు పడుతుంది. మెడనొప్పి, సూదిపోట్లు, కళ్లలో నీళ్లు అదనం.

దీన్ని 'పని' అన్నామనుకోండి, ఎంత ప్రమాదం! పని అంటే మధ్యలో లేపకూడదు. అడగకుండా తీసుకోకూడదు. తీసుకుంటే డబ్బులివ్వాలి. హాబీకి ఈ బాధలేవీ లేవు. ఎన్నిసార్లయినా లేపొచ్చు!

ఆమె భర్త విష్ణువర్ధన్ ఆ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకుంటాడు.

"ఏమ్మే, ఊరికే కూర్చోనుండావు గదా, రవ్వన్ని నీళ్లియ్యి."

నీళ్ల బిందె అతనికి మూరెడు దూరం. ఆమెకు నట్టిల్లు దాటాలి. పోనీలెండి, ఆమెకు వ్యాయామం! అతనికి మాత్రం తక్కువ లాభమా? అరికాల్లో పూస గుచ్చుకున్నప్పుడల్లా ఒంటికాలి మీద ఎగురుతాడు. పెళ్లయినప్పటి నుంచి ఒంగి ఎరగని ఆ నడుము, ఆ పూసను తీసుకోవడానికి ఒంగింది. ఏ డాక్టరు ఒంచగలిగేవాడు?

వాళ్ల కోళ్లకూ పూసలంటే ప్రాణం. మొన్న ఆదివారం పుంజును కోస్తే కందనకాయలో ఎరుపు, పచ్చ, నీలం! ఇంత సింగారమైన కోడికూర ఏ హోటల్లో దొరుకుతుంది?

అసలు లాభం అత్త లక్ష్మీదేవమ్మది. ఇంటికొచ్చిన ఆడవాళ్లకు బొట్టుపెట్టి జాకెట్ పీసు ఇచ్చి పంపడం మావైపు మర్యాద. ఆ పీసును ఎవరూ కుట్టించుకోరు. మడత చెదరకుండా ఇంకో ఇంటికి పంపుతారు. మా బీరువాలో ఉన్న ఆకుపచ్చ పీసు నాకంటే ఎక్కువ ఊళ్లు చూసింది. లక్ష్మీదేవమ్మ ఈ ఆచారాన్ని ఒక్కతే సంస్కరించింది. జాకెట్ పీసు బదులు కోడలి దండ!

"మా కోడలు టైంపాస్‌కు చేస్తాది లేమ్మా, తీసుకో."

"ఎంత బాగుండాదో! మా పాప చాందినికి గూడా ఒగటి..."

"దానికేం, ఎత్తుకపో."

ఇలా ఉండగా, పద్మప్రియ ఒకరోజు గాజులకని మా పల్లె నుంచి కళ్యాణదుర్గం పోతే, అక్కడ గాజుల అంగడి నడిపే నాగలక్ష్మమ్మ ఆమె మెడలోని దండను పట్టి పట్టి చూసింది. వచ్చే నెల మొదటి శుక్రవారానికి ఎనిమిది తెమ్మంది. అంగట్లో తగిలిస్తానని, జనం కొంటే నెలనెలా తీసుకుంటానని చెప్పింది. తన చేతిపనిని ఒకరు కొంటాననడం పద్మప్రియకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

మధ్యాహ్నాలు చాలక తెల్లవారుజామున కూడా గుచ్చింది. గురువారానికి ఎనిమిదీ పూర్తిచేసి గూట్లో పెట్టి, నీళ్ల ట్యాంకరు వస్తే బిందెలతో పోయింది. తిరిగి వచ్చేసరికి గూడు ఖాళీ! గోరంట్ల నుంచి అత్తవైపు చుట్టాలు పెళ్లిపత్రిక ఇవ్వడానికి జీపులో వచ్చి వెళ్లిపోయారు.

"అత్తా, గూట్లో దండలేవి?"

"ఎనిమిది మంది ఆడోళ్లు దిగినారు మే. సరిగ్గా సరిపోయినాయి!" అత్త ముఖంలో ఎంత తృప్తి!

"అవి అంగడికి చేసినవి అత్తా."

"మళ్లా గుచ్చు. నీకిష్టమే గదా!"

చూశారా? చేసిందంతా పోయి, ఇష్టమైనదాన్ని మొదటి నుంచి మళ్లీ చేసే భాగ్యం ఎందరికి దొరుకుతుంది?

పద్మప్రియ ఏడవలేదు. శుక్రవారం పొద్దున పూసల డబ్బాను సంచిలో వేసుకుని షేర్ ఆటో ఎక్కింది.

"పూసల డబ్బా తెచ్చినావేమ్మా? దండలేవి?" అంది నాగలక్ష్మమ్మ.

"మా అత్త పంచేసినాది."

నాగలక్ష్మమ్మ మూలనున్న స్టూలును కాలితో ముందుకు తోసింది. "కూర్చో. ఈడనే గుచ్చు. పంచేకి ఈడ మీ అత్త లేదులే."

అప్పటి నుంచి రోజూ పది గంటలకు వెళుతుంది, ఐదింటి దాకా గుచ్చుతుంది. అవే వేళ్లు, అవే పూసలు, అదే మెడనొప్పి. అయినా ఏమి వింత! "పనికి లేటయితాది" అని విష్ణువర్ధనే బండి మీద ఆటోల దగ్గర దింపుతున్నాడు. బిందెలో నీళ్లు తనే ముంచుకుంటున్నాడు. మొన్న ఎవరో దండ అడిగితే లక్ష్మీదేవమ్మ ఇంతెత్తున లేచింది.

"ఊరికే యెట్లిస్తారమ్మా? పొద్దస్తమానం కష్టపడి చేస్తాది మా కోడలు!"

కాబట్టి పాఠకులారా, హాబీ గొప్పదే గానీ ఒక్క లోపముంది. పాలలాగే, ఇల్లు దాటించి ఎండలో తిప్పితే విరిగిపోతుంది. జాగ్రత్తగా ఇంట్లోనే ఉంచుకోండి!

నిన్న సాయంత్రం పద్మప్రియ ఇల్లు చేరేసరికి పొద్దుటి నుంచి పడిన గిన్నెలన్నీ తొట్టి పక్కన కుప్పగా ఉన్నాయి.

"పని నుంచి వచ్చినావా మే? ఊరికే నిలబడకుంటే ఆ గిన్నెలు తోమెయ్యి," అంది అత్త.

పద్మప్రియ భుజం మీది సంచి దించనే లేదు.

"గోనెసంచి యాడుండాదత్తా? వీటిని మూటగట్టుకుంటా. రేపు కళ్యాణదుర్గానికి ఎత్తుకపోయి ఆడ తోముతా. అప్పుడు గానీ ఇది గూడా పని అనిపించుకునేట్టు లేదు."