కల్లోలిని బకెట్లకు బదిలీ అయిన అలవాట్లు

బకెట్ నిండే చప్పుడు విని, అటు చూడకుండానే సరిగ్గా అంచు దగ్గర కుళాయి కట్టేసే ఫణిభూషణ్ అలవాటు, మార్చి పద్నాలుగు శుక్రవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, అతని నుంచి కల్లోలిని ప్లాస్టిక్స్ వారి పేరు మీదికి బదిలీ అయింది. మధ్యాహ్నం భోజనాల వేళకి రసీదు మెయిల్లో వచ్చింది. అలవాటు వివరం, ఎన్నేళ్లుగా వాడుకలో ఉన్నది, ప్రస్తుత స్థితి అని అందులో మూడు గడులున్నాయి. మూడో గడిలో 'మంచి స్థితి, అక్కడక్కడా చిన్న గీతలు' అని రాసి ఉంది. ఫణిభూషణ్ ఒకసారి చదివి, 'అందినది' అని జవాబిచ్చి, క్యారియర్ విప్పుకున్నాడు.

ఈ పనిలో ఇది మామూలే. కల్లోలిని వారు విజయవాడ ఆటోనగర్‌లో బకెట్లు, మగ్గులు, టబ్బులు తయారుచేస్తారు. బకెట్‌కి స్వతహాగా స్వభావం ఉండదు. ఫణిభూషణ్ రాసే కంపెనీ పేజీ ఫేస్‌బుక్‌లో మనిషిలా మాట్లాడాలంటే ఆ స్వభావం ఎవరో ఒకరి దగ్గర్నుంచి రావాలి. కంపెనీ పేరు మీద ఏ అలవాటు పోస్టు అయితే, ఆ క్షణం నుంచి అది కంపెనీది. రాసినవాడి దగ్గర ఇక ఉండదు. డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగంలో చేరేవాళ్లకిచ్చే కాగితాల్లో పదిహేడో పేజీలో ఈ సంగతి ఉంటుంది. ఫణిభూషణ్ చదివే సంతకం పెట్టాడు. అతను కాగితాలన్నీ చదువుతాడు.

అభిప్రాయాలు మాత్రం బదిలీ కావు. కంపెనీకి వాటితో పనిలేదు. వృత్తి విషయంలో ఫణిభూషణ్‌కి గట్టి అభిప్రాయాలే ఉండేవి. ఆశ్చర్యార్థకం పెట్టిన వాక్యాన్ని ఎవరూ నమ్మరన్నది ఒకటి. బకెట్ల కంపెనీ నుంచి పండగ శుభాకాంక్షలు ఎప్పుడొస్తాయా అని ఎవరూ ఎదురుచూడరన్నది ఇంకొకటి. జనం బకెట్‌ని చూసి కొనరు, దాని పక్కన నిలబడ్డ మనిషిని చూసి కొంటారన్నది అన్నిటికన్నా పెద్దది. ప్రతి సోమవారం మీటింగులో వీటిని చెప్పేవాడు. మినిట్స్‌లో 'గమనించడమైనది' అని రాసి మళ్లీ అతనికే పంపేవారు.

ఆ శుక్రవారం పోస్టులో ఉన్నది నాలుగు ముక్కలే. 'నిండబోయే ముందు నీళ్ల గొంతు సన్నబడుతుంది. అప్పుడు కట్టేయండి. చూడక్కర్లేదు.' కింద నీలం బకెట్ బొమ్మ. సాయంత్రానికి పదకొండు వేల మంది దాన్ని తమ బంధువులకి పంపుకున్నారు. మర్నాడు పొద్దున ఫణిభూషణ్ ఇంట్లో నీళ్లు స్నానాలగది గడప దాటి హాల్లోకి వచ్చాయి. అతను గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"వినపళ్లేదా?" అంది భార్య ఝాన్సీ, వంటింట్లోంచి వచ్చి.

"వినపడింది. విని ఏం చెయ్యాలో తెలీలేదు."

"ఆఫీసులో పెట్టేశారా?"

"నిన్న పెట్టాను. నీకు చెప్పడం మర్చిపోయాను."

ఝాన్సీ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నీళ్లు బయటికి తోసింది. "సరే, ఇకనుంచి కుళాయి నేను చూసుకుంటాను," అంది.

ఝాన్సీ సూర్యారావుపేటలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో రక్తం తీస్తుంది. పదకొండేళ్ల క్రితం ఫణిభూషణ్ కామెర్ల పరీక్షకని ఆమె ముందే చెయ్యి చాపాడు. కోటుకున్న పేరు చదివి, "ఝాన్సీ గారూ, కొంచెం మెల్లిగా," అన్నాడు. పెళ్లయ్యాక నువ్వు అనడం మొదలుపెట్టాడు గాని, ఏదైనా కావాల్సొచ్చినప్పుడు ఆ పాత పిలుపే వచ్చేది. ఝాన్సీ గారూ, ఇంకాస్త మజ్జిగ. ఝాన్సీ గారూ, ఆ టవల్. ఆమె బయటికి విసుక్కునేది. ఆ టవల్ ఇంకొకళ్ల చేత ఇప్పించేది మాత్రం కాదు.

ఏప్రిల్లో గోడ మీద బల్లిని 'మీరు' అని మన్నించే అలవాటు వెళ్లింది. మేలో అడ్రసులు వెళ్లాయి. ఎవరైనా దారి అడిగితే ఫణిభూషణ్ ఇప్పుడు లేని వాటితో చెప్పేవాడు. పూర్వం సోడాల షాపుండే చోట కుడికి తిరిగి, టైపు ఇన్‌స్టిట్యూట్ ఎత్తేసిన సందులోకి వెళ్లండి అనేవాడు. ఆ పద్ధతిలో కల్లోలిని డీలర్ల చిరునామాలు పెడితే జనం వెతుక్కుంటూ వెళ్లి మరీ కొన్నారు. ఆ తర్వాత అతను కూడా అందరిలాగే లొకేషన్ పంపడం మొదలుపెట్టాడు.

జూన్‌లో స్కూటీ అద్దాలు వెళ్లాయి. రోజూ పొద్దున ఝాన్సీ మెట్లు దిగేలోపు అతను చొక్కా అంచుతో ఆమె స్కూటీ అద్దాలు రెండూ తుడిచేవాడు. దీన్నామె ఎన్నడూ ప్రస్తావించలేదు, అతనూ చెప్పలేదు. జూన్ పందొమ్మిదిన వన్‌టౌన్ దగ్గర వెనకాల వస్తున్న ఆటో కనపడక ఝాన్సీ బండి పక్కకి ఒరిగింది. మోచెయ్యి గీరుకుంది, అంతకుమించి ఏం కాలేదు. రోడ్డు పక్కన ఆగి అద్దం మీద దుమ్ము చూసింది. ఫోన్ తీసి, ఇన్నాళ్లూ తెరవని కల్లోలిని పేజీ తెరిచింది. తడిగుడ్డతో స్కూటీ అద్దం తుడుస్తున్న చెయ్యి బొమ్మ కనపడింది. పక్కన ఎర్ర మగ్గు. 'ఆవిడ దిగేలోపు తుడిచేయాలి. తుడిచినట్టు తెలియకూడదు,' అని రాసుంది. ఆమె తన అద్దం కొంగుతో తుడుచుకుంది. తర్వాత పేజీని ఫాలో అయింది.

ఆ సాయంత్రం మోచేతికి పట్టీ చూసి ఫణిభూషణ్ ఏమైందని అడిగాడు. ఆమె చెప్పింది. అతను లోపలికి వెళ్లి ఫోన్లో ఎనిమిదీ పదికి అలారం పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి రోజూ ఆ టైముకి మెట్ల కింద అలారం మోగేది, అద్దం తుడిచిన చప్పుడయ్యేది. అలవాటు కాదు గనక ఒక్కోసారి ఒకటే అద్దం తుడిచి వచ్చేసేవాడు. ఝాన్సీ రెండోది తన కొంగుతో తుడుచుకుని వెళ్లేది. అలారం పెట్టుకున్నది కూడా ఆయనే కదా అనుకునేది.

సెప్టెంబరు నాటికి ఫణిభూషణ్ దగ్గర అలవాట్లు దాదాపు అయిపోయాయి. అవి ఖాళీ చేసిన చోట అభిప్రాయాలు పెరిగాయి. అన్నం తింటూ, గుత్తొంకాయకి ఉన్న ఆదరణ పొట్లకాయకి ఎందుకు రాదో చెప్పేవాడు. పక్కింటివాళ్ల గృహప్రవేశం కార్డులో మొదటి వాక్యం బలహీనంగా ఉందన్నాడు. దసరాకి కంపెనీకి కొత్తదొకటి కావాల్సొచ్చింది. లెక్క చూస్తే అతని పేరు మీద ప్రకటించనిది ఒక్కటే మిగిలి ఉందని తేలింది. దానికి భార్య సంతకం కావాలని సిబ్బంది వ్యవహారాలు చూసే మస్తాన్‌వలీ ఝాన్సీకి కబురుపెట్టాడు.

మస్తాన్‌వలీ మెత్తని మనిషి. అంతకుముందు ఒక అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేశాడు. ఆయన నవ్వు అక్కడే ఉండిపోయింది. ఝాన్సీ సెంటర్లో అరపూట సెలవు పెట్టి వస్తే కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించి, ఫారం ముందుకు జరిపాడు.

"గారూ అని పిలిచే అలవాటమ్మా. పిలిచేది ఆయనైనా వినేది మీరు. ఇద్దరిదీ అనే లెక్క కిందికి వస్తుంది. అందుకని మీ సంతకం."

"పెట్టకపోతే?"

"ఇబ్బందేం లేదు. ఫణి గారి చోట ఇంకొకరిని తీసుకుంటారు. ఉన్నవాటిని వచ్చినాయన నడుపుకుంటాడు."

"ఉన్నవంటే?"

"కుళాయి, బల్లి, అడ్రసులు, స్కూటీ అద్దం." ఆయన కాగితం చూసి చదివాడు. "అవి కంపెనీవి కదమ్మా. మనిషి మారినా ఉంటాయి."

ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి రోజూ కుర్చీలో కూర్చుని తన స్కూటీ అద్దం తుడవడం ఝాన్సీకి కళ్ల ముందు కనపడింది. "వద్దు. అవి మా ఆయనే చూసుకోవాలి," అంది.

"అలాగైతే ఇది ఇవ్వాలమ్మా. దసరాకి ఏదో ఒకటి పడాలి."

ఝాన్సీ ఫారం తన వైపు లాక్కుంది. "నాదొకటి తీసుకుంటారా?"

మస్తాన్‌వలీకి ఆశ్చర్యం కలగలేదు. "ఇళ్లల్లో చాలామంది ఇస్తుంటారు. దానికి వేరే ఫారం లేదు, ఇదే వెనక్కి తిప్పి రాయండి," అన్నాడు.

ఆమె రాసింది. సూది గుచ్చే ముందు ఝాన్సీ ప్రతి ఒక్కరినీ, "ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?" అని అడిగేది. వాళ్లు బీరకాయో, చేపల పులుసో గుర్తుచేసుకునేలోపు సూది దిగిపోయేది. చిన్నపిల్లలు కూడా ఏడ్చేవాళ్లు కాదు. పన్నెండేళ్ల అలవాటు. ప్రస్తుత స్థితి గడిలో మస్తాన్‌వలీ 'చాలా మంచి స్థితి' అని రాశాడు.

రసీదు నకలు మధ్యాహ్నానికి ఫణిభూషణ్‌కి వెళ్లింది. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎందుకిచ్చావు?"

"మీరింకా మజ్జిగ అడగాలిగా."

అతను భోజనానికి కూర్చుని, అవసరం లేకపోయినా మూడుసార్లు, "ఝాన్సీ గారూ, మజ్జిగ," అన్నాడు. మూడుసార్లూ ఆమె పోసింది. కంచంలో అన్నం తేలింది.

'ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?' అని కల్లోలిని పేజీ రోజూ పొద్దున అడగడం మొదలుపెట్టింది. వేలమంది జవాబు చెప్పారు. బకెట్లు కొననివాళ్లు కూడా చెప్పారు. ఒకావిడ, మూడేళ్లలో నన్నీ మాట అడిగింది మీరొక్కరే అని రాసింది. డయాగ్నొస్టిక్ సెంటర్లో ఝాన్సీ ఇప్పుడు, "చెయ్యి చాపండి," అని ఊరుకుంటుంది. పిల్లలు ఏడుస్తున్నారు. గంటకి నలుగురు ఎక్కువ అవుతున్నారని మేనేజరు ఆమెను మెచ్చుకున్నాడు.

ఫణిభూషణ్ పిలుపు ఇంకో రెండున్నర నెలలు ఇంట్లోనే ఉంది. అది వెళ్లినప్పుడు ఎవరూ ఫారం నింపలేదు. డిసెంబరు రెండో వారంలో తెనాలి నుంచి ఒక కస్టమరు, కొన్న పదిరోజులకే బకెట్ హ్యాండిల్ ఊడొచ్చిందని ఫొటోతో సహా పేజీలో పెట్టింది. ఫిర్యాదులకి అరగంటలో జవాబివ్వాలన్నది నియమం. ఆ కస్టమరు పేరూ ఝాన్సీయే. ఫణిభూషణ్ అది చూసి టైపు చేశాడు. 'ఝాన్సీ గారూ, తప్పు మాదే. కొత్తది పంపిస్తాం. ఇంకొక్క అవకాశం ఇవ్వండి.' నొక్కిన తర్వాత చదువుకున్నాడు. రసీదు నాలుగు నిమిషాల్లో వచ్చింది.

రసీదు ప్రింటు తీసుకుని మస్తాన్‌వలీ గదికి వెళ్లాడు.

"ఇది పొరపాటున వెళ్లిందండీ. నేను వేరే ఆవిడకి రాశాను."

"నాకు తెలుసు ఫణి గారూ. తీసుకోవడానికి ఫారం ఉంది గాని, తిరిగివ్వడానికి లేదు."

ఫణిభూషణ్ కుర్చీలో కూర్చుండిపోయాడు. "మీ నవ్వు ఎప్పుడైనా వచ్చిందా?" అని అడిగాడు.

"లేదండీ. అక్కడ బాగానే ఉందని విన్నాను," అన్నాడు మస్తాన్‌వలీ. తన ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు.

ఫణిభూషణ్ ఇంటికొచ్చాడు. భోజనాల దగ్గర, "ఝాన్సీ, కొంచెం మజ్జిగ," అన్నాడు. ఆమె చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది.

"ఎవరికి వెళ్లింది?" అంది.

"తెనాలి ఆవిడ. బకెట్ హ్యాండిల్ ఊడిపోయిందట."

"కొత్తది పంపారా?"

"పంపాం."

"పోన్లెండి. పాపం, ఆవిడకీ ఇబ్బందేగా."

అతను కంచంలోకి చూస్తూ, గొంతు సవరించుకుని, "ఝాన్సీ గారూ," అన్నాడు. మాట స్పష్టంగా, మర్యాదగా వచ్చింది. ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దులెండి. కస్టమర్ని పిలిచినట్టుంది." మజ్జిగ పోసి, అతని వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, తన కంచం ముందు కూర్చుంది.

తర్వాత రోజులు కుదురుగానే గడిచాయి. ఇద్దరూ దేనికీ గొడవపడే అవసరం రాలేదు. ఆదివారం మధ్యాహ్నాలు బాల్కనీలో పక్కపక్కన కూర్చుని ఝాన్సీ ఫోన్లో కల్లోలిని పేజీ చూస్తున్నారు. ఆమె పైకి చదువుతుంది, అతను వింటాడు.

"బల్లిని కూడా మీరంటాడట," అంది ఒకరోజు. "ఈయనెవరో గాని, ఇంట్లోవాళ్లని బాగా చూసుకునే మనిషిలా ఉన్నాడు."

"రాయడం తెలుసు," అన్నాడు ఫణిభూషణ్. "ఇంట్లో ఎలా ఉంటాడో పోస్టుని బట్టి చెప్పలేం. అది నా అభిప్రాయం."

"బాగానే ఉంటాడు లెండి. నాకు తెలుస్తుంది."

ఆ రోజు కూర ప్రశ్న కింద ఆమె 'దొండకాయ వేపుడు' అని రాసింది. ఆదివారాలు ఆఫీసు ఉండదు గనక జవాబులు వాటంతటవే వెళ్లేలా శుక్రవారమే ఏర్పాటు చేసి ఉంటాయి. ఏర్పాటు చేసింది ఫణిభూషణే. జవాబు వెంటనే వచ్చింది. 'ఝాన్సీ గారూ, మాకూ కొంచెం ఉంచండి.'

ఝాన్సీ రెండుసార్లు చదివింది. ఫోన్ అతని వైపు తిప్పి చూపించింది. అతను చదివి, బాగుందన్నట్టు తల ఊపాడు. ఆమె బొటనవేలితో దాని మీద హృదయం గుర్తు నొక్కి, లేచి లోపలికి వెళ్లింది. వేపుడు చిన్న గిన్నెలోకి తీసి, పైన పళ్లెం మూసి, గట్టు మీద ఓ పక్కకి పెట్టింది.

అదే నిమిషంలో పేజీ ఇంకో ఆరువందల పందొమ్మిది మందిని గారూ అని పిలిచి, కొంచెం ఉంచమని అడిగింది. వాళ్లలో చాలామంది ఉంచారు.