ఒకటి పెట్టి చూడు!

అమ్మలారా, బిడ్డల చదువు మీద దిగులు పోవాలంటే మొక్కులు అక్కర్లేదు, దిష్టి తీయనక్కర్లేదు. ట్యూషన్‌లో చేర్చండి చాలు! బిడ్డ సరిగ్గా ఉందో లేదో సరిచూసే పని కూడా వాళ్లే చేసేస్తారు. తల్లికి ఇంతకంటే వరం ఏముంటుంది?

నేను ఎనిమిదితో బడి మానేసినదాన్ని. ఫోన్ మోగితే ఆసుపత్రి నుంచే అనుకుంటాను. మోగకపోతే, ఫోన్ చేసే స్థితిలో కూడా లేరేమో అనుకుంటాను. అలాంటి నేను మా ఆర్తిని కోసపాళయం నుంచి రెడ్డియార్‌పాళయం దాకా, పురుషోత్తమన్ సార్ దగ్గరికి ప్లస్ టూ లెక్కలకు పంపాను. లెక్కల్లో తప్పితే దాని గతేం కాను?

మొదటి రోజే నా గుండె ఆగింది. మెట్ల కింద నిలబడి ఉంటే పైనుంచి సార్ కేక: "రెండు పక్కలా లాగ్! ఊఁ, లాగ్!"

నా బిడ్డను ఎవర్రా లాగేది అని చెప్పులతోనే పైకెక్కేశాను.

"అయ్యో మా! అది లాగరిథమ్ మా! నువ్వు కిందికి పో!" అని ఆర్తి తల దించుకుంది.

విషయం ఏమిటంటే, ఎక్స్ నెత్తిన ఇంకో ఎక్స్ ఎక్కి కూర్చుంటే మామూలు సూత్రాలు పనిచేయవట. మొత్తానికి వై అని పేరు పెట్టి రెండు పక్కలా లాగ్ వేస్తే, పైనున్నది బుద్ధిగా కిందికి దిగుతుందట. అప్పుడు డిఫరెన్షియేట్ చేయాలి. ఆ హడావుడిలో వై పోయి ఎడమ పక్కన గీత కింద నక్కుతుంది. దాన్ని మరిచిపోకుండా కుడి పక్కకు తెచ్చి గుణించాలి. అచ్చం సంసారమే!

జవాబు సరో కాదో ఎలా తెలుస్తుంది? దానికీ సార్ దారి చూపారు. "ఎక్స్‌ను ఒకటి కాడ రవ్వంత జరుపు. వై దానికి ఎన్ని రెట్లు జరిగిందో క్యాలిక్యులేటర్‌లో చూడు. నీ జవాబులోనూ ఒకటి పెట్టు. రెండూ కలిస్తే టిక్!"

ఒకటే ఎందుకు? సులువు కాబట్టి! నాకు ప్రాణం లేచొచ్చింది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదా? "పెద్దోళ్లు చెప్పిందే గదా పాపా, ఒకటి పెట్టి చూడు" అని నేనూ వంత పాడాను.

అప్పటి నుంచి నేనూ ఒక్క మాటతోనే సరిచూస్తున్నాను. "తింటివా?" "ఊఁ." టిక్! "అర్థమైందా?" "ఊఁ." టిక్! పెళ్లయ్యాక ఇంత హాయిగా నేనెప్పుడూ నిద్రపోలేదు!

మోడల్ పరీక్షలో ఆ లెక్కే వచ్చింది. ఆర్తి ఒకటి పెట్టి చూసుకుంది, సరిపోయింది, నవ్వుతూ ఇంటికొచ్చింది. పేపరు దిద్ది ఇస్తే ఆ లెక్కకు సున్నా. అదొక్కటీ పోయేసరికి మొత్తానికే ఫెయిల్.

"ఏంది పాపా, సరిచూసుకుంటివి గదా?"

"చూస్తిని మా. చివర్లో వై మర్చిపోతిని. ఒకటి కాడ వై గూడా ఒకటే. దాంతో గుణించినా అంతే, గుణించకపోయినా అంతే. ఇంక యాడ తెలస్తాది? రెండు పెట్టింటే అప్పుడే బయటపడేది."

"సరే, తింటివా?"

"ఊఁ."

ఈసారి నేను టిక్ పెట్టలేదు. దాని అన్నం డబ్బా మూత తీసి చూశాను. పొద్దున పెట్టిన పులిహోర పెట్టినట్టే ఉంది.

దాన్ని వెంటబెట్టుకుని సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన తొణకలేదు. గోడ మీద తలుపంత ఉన్న తన పాత శిష్యుడు కార్తికేయన్ ఫోటో చూపించారు. "మా పద్ధతిలో తప్పుంటే ఈ పిల్లోడికి ఒకటో ర్యాంకు ఎట్లొచ్చిందమ్మా?"

నిజమే కదా! ఒకటో ర్యాంకు కాడ పెట్టి చూస్తే సార్ చదువు అణువంతైనా తేడా లేకుండా సరిపోతోంది. నా బిడ్డ ఆ లెక్కలో ఉన్నా అంతే, లేకపోయినా అంతే!

"సార్, ఒక్కసారి రెండు పెట్టి చూడండి" అన్నాను.

"రెండా? ఎవరమ్మా అది?"

నా వెనక నక్కిన ఆర్తిని చెయ్యి పట్టి ముందుకు లాగాను. ఒక్క పక్కకే.