ఏ హాల్ టీవీ?

ఫోనులోని వీడియోను టీవీ మీదికి పంపే మీటను ఎనిమిది నెలలు శ్రమించి తీర్చిదిద్దినందుకు మన డిజైనరుకు ఆఫీసులో సన్మానం జరిగింది. అల్లాటప్పా శ్రమ కాదది. మీట మూలలు ఎంత గుండ్రంగా ఉండాలన్న అంశం మీదే ఆరు వారాలు చర్చ నడిచింది. వృద్ధుల ఇబ్బందులు తెలుసుకోవడానికి ఒక ఊహా ముసలమ్మను సృష్టించి, బొమ్మ గీయించి, గోడకు అంటించి, ఆవిడకేం కావాలో తొమ్మిదిమంది కుర్రవాళ్లు ఓటు వేసి తేల్చారు. ఇంట్లో నిజం అమ్మమ్మ ఒకావిడ ఉన్న సంగతి మన డిజైనరుకు అప్పుడు తట్టలేదు. తట్టినా లాభం లేదు, ఆవిడ ఓటింగుకు కట్టుబడే మనిషి కాదు.

అతని సొంత ప్రతిభ ఇంకొకటుంది. టీవీలకు కంపెనీలు పెట్టే చాంతాడంత పేర్లు చూసి, సామాన్యుడికి ఇంత గందరగోళం దేనికని, యాప్‌లో ప్రతి టీవీనీ 'హాల్ టీవీ' అనే చూపించేలా చేశాడు. సరళత అంటే ఇదీ అని అందరూ చప్పట్లు కొట్టారు. అతనూ కొట్టుకున్నాడు.

ఆ ఆదివారం ఉదయం అమ్మమ్మకు ఆవిడ చెల్లెలి నుంచి వీడియో వచ్చింది. అక్కచెల్లెళ్లకు పదకొండేళ్లుగా మాటల్లేవు. వాళ్లమ్మ వాడిన కుట్టుమిషను చెల్లెలు చెప్పాపెట్టకుండా తీసుకుపోయిందని తగువు. అమ్మమ్మకు ఒక కంట్లో శుక్లం, రెండో కంట్లో అనుమానం.

"ఫోనులోనే వినిపించనా అమ్మమ్మా?" అన్నాడు మన డిజైనరు.

"మాటలదేముందిరా, ఎవరైనా చెబుతారు. దాని మొహం చూస్తేగానీ నమ్మను. పెద్దగా చూపించు."

"ఒక్కసారి నొక్కితే చాలు" అన్నాడతను, సన్మానం నాటి గొంతుతో.

నొక్కాడు. తెర మీద రెండు పేర్లు వచ్చాయి. మొదటిది హాల్ టీవీ. రెండోదీ హాల్ టీవీయే. పై వాటా హెడ్మాస్టరుగారి ఇంటర్నెట్టునే కింద వాటాలోని వీళ్లూ మొహమాటం లేకుండా వాడుకుంటున్నారు మరి. ధైర్యం చేసి మొదటిదాన్ని నొక్కాడు. చూపు చెదరకుండా ఉండేందుకు అతనే చేసిన ఏర్పాటు ప్రకారం ఫోను నల్లబడింది. టీవీ అంతకుముందు నుంచే నల్లగా ఉంది. ఫోను మధ్యలో 'ఆనందించండి!' అన్న మాట మెరిసింది. ఆ మాట రాసిందీ అతనే.

"ఏమైందిరా?" అంది పక్కనే కూర్చున్న అతని తల్లి.

"వెళ్తోందమ్మా."

"ఎక్కడికి?"

ఈ ప్రశ్న ఎనిమిది నెలల్లో ఎవరూ అడగలేదు. ఆపే మీట కోసం వెతికాడు. అందానికి అడ్డొస్తోందని దాన్ని తీయించిన మహానుభావుడెవరో గుర్తొచ్చి, వెతకడం మానేశాడు.

కాసేపటికి పై వాటా నుంచి రిటైర్డు హెడ్మాస్టరుగారు, ఆయన భార్య దిగి వచ్చారు.

"అమ్మా, తమ సోదరి సందేశం మా టీవీలో ఆసాంతం శ్రద్ధగా వీక్షించాం" అని ఆయన గొంతు సవరించుకున్నారు. "ఆవిడ పశ్చాత్తాపం త్రివిధం. ఒకటి..."

"మీరుండండి" అంది భార్య. అమ్మమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదే అక్కా అంది. మిషను నీ దగ్గర ఉండాల్సింది, వచ్చి పట్టుకెళ్లు అంది. ఆ మాట అనడానికి మూడుసార్లు గుటక మింగి, ఏడ్చేసింది."

"నిజంగా ఏడ్చిందా? నటించిందా?"

"పెద్ద టీవీ కదండీ, దాపరికం ఎక్కడ? ముక్కు ఎర్రబడిపోయింది."

 అమ్మమ్మ చెల్లెలికి ఫోను కలపమని, మనవడి చేతిలోంచి లాక్కుంది.

"ఏమే, బతికే ఉన్నావా? మిషను నువ్వే ఉంచుకో. సూదిలో దారం ఎక్కించడానికి ఇద్దరికీ కళ్లు లేవు, ఇంకా వాటాలెందుకు?"

హెడ్మాస్టరుగారి దంపతులు మధ్యాహ్న భోజనానికి ఉండిపోయారు. మన డిజైనరు ఒక మూల కూర్చుని, తన చేతి పని మూలంగా ఇంత మేలు జరగడం జీర్ణించుకోలేక అవస్థ పడ్డాడు.

సోమవారం ఆఫీసులో ఉన్నదున్నట్టు నివేదిక సమర్పించాడు. అధినేత లేచి ప్రసంగించారు: "మిత్రులారా! ఒక వినియోగదారు మన యాప్‌ను వదిలి, మెట్లు దిగి, మనుషులతో మాట్లాడాడు. ఆ రోజు ఇంకే వీడియో చూడలేదు. ఇలాంటివి నాలుగు జరిగితే మన గతేమిటి?"

తక్షణమే సంఘం వేశారు. అధ్యక్షుడిగా మన డిజైనరునే నియమించారు. అతను కాదనలేదు, పదవి పెద్దది. మూడు నెలల్లో లోపం సరిదిద్దాడు. ఇప్పుడు ఏ ఇంటి వీడియో ఆ ఇంటి గోడ దాటదు. అతనికి రెండో సన్మానమూ జరిగింది.

సరిచేసిన యాప్ మీ ఫోనులోకీ ఈపాటికి వచ్చే ఉంటుంది. పరీక్షించుకోవడం చాలా సులువు. మీ పై వాటాలో ఎవరుంటున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. గుర్తు రాకపోతే, అది చక్కగా పనిచేస్తున్నట్టే.