దయ్యాల నెలలో మదర్‌బోర్డు

తైపేలో ఏడో నెల, అంటే దయ్యాల నెల, వచ్చిందంటే బుద్ధున్నవాడెవడూ కొత్త వస్తువు కొనడు. కింది లోకం తలుపులు తీసి ఉంటాయి, ఏ వస్తువు వెంట ఎవరొస్తారో తెలియదు. అందుకే కంప్యూటర్ అంగళ్ళలో ధరలు దిగుతాయి. అందుకే బో-షెంగ్‌కి సరిగ్గా ఆ నెలలోనే ఆటల కంప్యూటర్ మీద మనసు పుట్టింది.

నెల గడిచేదాకా ఆ ఊసెత్తవద్దని భార్య యూ-చున్ ఖండితంగా చెప్పింది. బో-షెంగ్ ఉపాయం పన్నాడు. యంత్రం కొంటే కదా తప్పు, ముక్కలు కొంటే తప్పేముంది? ముందు మదర్‌బోర్డు, అంటే మిగతా ముక్కలన్నీ బిగించే పలక. చవకవి చాలామట్టుకు ప్రాసెసర్‌ని మామూలు వేగం గీత దాటనివ్వవు. దాన్ని అదిలించి మరింత వేగంగా పరుగెత్తించే వీలుండాలి, ఆ వేడికి తట్టుకోవాలి, జేబుకి చిల్లి పడకూడదు. అంగడంగడా తిరిగి కాళ్ళు పీకాక అలాంటిది ఒకటి దొరికింది.

"కంప్యూటరా?" అంది యూ-చున్.

"బోర్డు. బియ్యాన్ని అన్నమంటామా?"

ఆమె ఊరుకుంది. ఆమె ఊరుకుంటేనే భయపడాలని ఇన్నేళ్ళ కాపురంలోనూ అతనికి తెలిసిరాలేదు.

మిగతా ముక్కలు ఒక్కొక్కటే ఆఫీసు సంచిలో ఇల్లు చేరాయి. వెనకగదిలో అన్నీ బిగించి, యంత్రం మాట వినాలని ఊళ్ళో అందరూ పెట్టినట్టే పైన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెట్టాడు.

ఒక వానమధ్యాహ్నం ఇద్దరూ నూడుల్స్ తింటుంటే వెనకగదిలో ఫ్యాన్లు హోరుమన్నాయి. వెళ్ళి చూస్తే గదిలో ఎవరూ లేరు. తెర మాత్రం వెలుగుతోంది.

"నాన్న వచ్చాడు," అంది యూ-చున్ నెమ్మదిగా.

మామగారు పోయింది మొన్న వసంతంలోనే. మీట కనబడితే నొక్కకుండా ఉండలేని మనిషి. బో-షెంగ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె కుర్చీ వేసి, అగరొత్తి వెలిగించి, టీ పోసిపెట్టింది. వచ్చిన అతిథిని లేపకూడదు కాబట్టి నెలాఖరుదాకా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరాదని తేల్చేసింది.

రోజూ టీ వేళకి యంత్రం తనంతట తనే లేచేది. సెలవురోజుల్లో బో-షెంగ్ గుమ్మం దగ్గరే నిలబడి ఖాళీ కుర్చీని చూసేవాడు. అంత ముచ్చటపడి కొన్నది అందేంత దూరంలో ఉండి కూడా ముట్టుకోలేకపోవడం అతనికి ఏడుపే తెప్పించింది.

నెల ఆఖరి రోజున ఆఫీసు నుంచి పెందలాడే వచ్చాడు. కుర్చీలో యూ-చున్ కూర్చుని ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు, పక్కన సగం తాగిన టీ, తెర మీద కుప్పలుగా చచ్చిపడ్డ రాక్షసులు.

ఆమె ఏమాత్రం తొణకలేదు. "చెప్పిన వేళకి తనే లేచే ఏర్పాటు ఈ బోర్డులోనే ఉంది. నువ్వు వేగం ఒక్కటే చూసి కొన్నావు."

"మీ నాన్న పేరు చెప్పి ఇంత పని చేస్తావా?"

"నువ్వు ముక్కల పేరు చెప్పి చేయలేదూ?"

బో-షెంగ్ సంచి కింద పడేసి కుర్చీ దగ్గరికి వచ్చాడు. ఒక్క ఆట ఆడనివ్వమని బతిమాలుకున్నాడు. ఆమె జాలిపడి, వేడెక్కిన యంత్రాన్ని కాసేపు ఆపి లేచింది.

"ముందా ఏర్పాటు తీసెయ్. నా గుండె ఆగేలా ఉంది," అన్నాడు.

"మొన్ననే తీసేశాను," అంది. "అయినా రోజూ లేస్తూనే ఉంది, నువ్వే కనిపెట్టి మళ్ళీ పెట్టావనుకున్నా."

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె ముఖం పాలిపోయింది. భార్య భయపడటం అతను అదే మొదటిసారి చూశాడు, దాంతో అతని భయం రెట్టింపయింది.

ఫ్యాన్లు మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి. తెర వెలిగింది.

యూ-చున్ కుర్చీని బల్లకి కాస్త దగ్గరగా జరిపింది.

"ముందు పెద్దాయన్ని ఆడుకోనీ," అంది గుసగుసగా.

బో-షెంగ్ చల్లారిన టీ కప్పు చేతిలోకి తీసుకున్నాడు. టీ వేడిచేసుకు రావడానికి వంటింట్లోకి నడిచాడు.