రాతలు వద్దు, బొమ్మలే ముద్దు

తలుపు మీద అక్షరాలు రాసి పెట్టడమంత అవమానం మనిషికి ఇంకొకటి లేదు!

కాస్త ఆలోచించండి. మీరు నడిచి వస్తున్నారు. ఎదురుగా ఒక తలుపు. దాని మీద 'మగవారు' అని రాసి ఉంది. అంటే ఏమిటి? మీకు బుర్ర లేదనీ, చెబితే తప్ప తెలుసుకోలేరనీ ఆ తలుపు మీ మొహం మీదే అంటోందన్నమాట. చదివారు, వెళ్ళారు, వచ్చారు. ఇందులో మీ ప్రతిభ ఏముంది? పులి అడుగు చూసి పులి ఎటు పోయిందో చెప్పిన వంశం మనది. అలాంటి వంశంలో పుట్టి, బోర్డు చదువుకుని బాత్‌రూమ్‌కి వెళ్ళడమా?

అదే, ఒక తలుపు మీద గొడుగు బొమ్మా ఇంకో తలుపు మీద టోపీ బొమ్మా పెట్టి చూడండి. మెదడుకి ఎంత మేత! గొడుగంటే ఆడవాళ్ళా? అలాగైతే మగవాళ్ళు వానలో తడవాలా? పోనీ టోపీ మగవాళ్ళదనుకుందామంటే, దాని చుట్టూ ఆ రిబ్బన్ ఏమిటి? లోపల్నుంచి ఎవరు బయటికొస్తారా అని కాపు కాస్తూ, గోడ మీది పటాన్ని తెగ మెచ్చుకుంటున్నట్టు నటిస్తాం. అర్జెంటుగా ఉన్న మనిషి అంత నిదానంగా కళాపోషణ చేసే అవకాశం మరెక్కడ దొరుకుతుంది?

లిఫ్టునే తీసుకోండి. పరుగెత్తుకొస్తున్న పక్కింటాయన కోసం తలుపు తెరిచి ఉంచుదామని మీరు మనస్ఫూర్తిగా బటన్ నొక్కుతారు. రెండు బాణాలు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నది తెరవడానికా, మూయడానికా? తలుపు సరిగ్గా ఆయన ముక్కు మీద మూసుకుంటుంది. ఆ రోజు నుంచి ఆయన మిమ్మల్ని చచ్చినా మర్చిపోడు! అంతకు ముందు మీరెవరో కూడా ఆయనకు తెలియదు కదా?

మా బావమరిది కారులో ఒక రోజు టీ కూజా ఆకారంలో ఎర్రదీపం వెలిగింది. టీ తాగమని కారే గుర్తు చేస్తోందని సంబరపడి, రోడ్డు పక్కన ఆపి టీ తాగి, మళ్ళీ బయల్దేరాడు. అది ఇంజిన్ ఆయిల్ అయిపోయిందనే గుర్తని మెకానిక్ చెప్పేసరికి ఇంజిన్ కాలం చేసింది. అప్పట్నుంచీ రోజూ ఆఫీసుకి నడుస్తున్నాడు. షుగరు తగ్గింది. ఏ డాక్టరు చేయగలిగిన పని ఇది?

అసలు కథ ఈ బావమరిదిదే. ఎందుకంటే ఆయన వృత్తి కూడా బొమ్మలే. గోడల మీదా, తలుపుల మీదా ఉండే గుర్తులను జనం ఎలా అర్థం చేసుకుంటారో పరిశోధించి కొత్తవి తయారుచేస్తాడు. ఇంట్లో అందరూ ఆయన్ని 'బొమ్మల బాబు' అంటారు. ఇంట్లో అంటే అత్తగారింట్లో. అంతకు ముందు రెండు ఉద్యోగాలు చెయ్యి జారిపోవడంతో, నాలుగు రోజులు ఉండి వెళ్తామని భార్యతో సహా వచ్చి, ఆ నాలుగు రోజులను సాగదీస్తూ అక్కడే ఉన్నాడు. మూడో ఉద్యోగం ఒక పెద్ద ఆసుపత్రిలో దొరికింది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. గుర్తులు పరీక్షలో నెగ్గితే పర్మనెంటు, వేరే ఇల్లు, తలెత్తుకుని తిరగడం. ఓడితే మళ్ళీ అత్తగారి సోఫా.

ఆ ఆసుపత్రి డైరెక్టరమ్మగారికి అక్షరాలంటే పడదు. తెల్లటి గోడల మీద నల్లటి రాతలు మశూచి మచ్చల్లా ఉన్నాయని ఆవిడ బాధ. ఆవిడ డాక్టరు కాదు, భవనం చూసుకునే మనిషి. కాబట్టి గోడల ఆరోగ్యమే ఆవిడకు ముఖ్యం. ఒక్క అక్షరం కనబడకూడదని ఆజ్ఞ వేసింది.

బొమ్మల బాబు విజృంభించాడు. ఎక్స్‌రే గదికి ఎముక బొమ్మ వేయడం మోటుతనమని, లోపలి సత్యాన్ని చూసేదే ఎక్స్‌రే కాబట్టి చదరపు గీతలో గుండ్రటి కన్ను వేశాడు. కన్ను అక్కడ ఖర్చయిపోయింది గనక కంటి డాక్టరుకి తెరిచిన కిటికీ వేశాడు. దాంతో గాలాడని వాళ్ళంతా అక్కడ చేరారు. రక్తపరీక్షకి ఒక చుక్క, మూత్రశాలకి కూడా ఒక చుక్క. కాకపోతే రెండో చుక్క కాస్త ప్రశాంతంగా ఉంటుంది. తేడా తెలియక ఇటువాళ్ళు అటు వెళ్ళినా పెద్దగా నష్టం జరగలేదు. చేతిలో సీసా పెట్టేసరికి చాలామంది అదే పద్ధతి కాబోలనుకున్నారు.

ఇవన్నీ ఊరికే వేశాడనుకుంటున్నారా? పరిశోధన! ప్రతి గుర్తునూ ముందు ఇంట్లో పరీక్షించాడు. వంటింట్లో డబ్బాల మీది పేర్లు గీకేసి బొమ్మలు అంటించాడు. ఉప్పుకి సముద్రపు అల, పంచదారకి నవ్వుతున్న నోరు, బట్టల సబ్బుపొడికి కూడా ఇంచుమించు అలే.

మొదట్లో ఆయన 'ఇదేమిటో చెప్పండి' అని అడిగేవాడు. ఒకసారి అత్తగారు కన్ను బొమ్మ చూసి, నిజాయితీగా, అది టీవీ అంది. అంతే! ఆదిమానవుడు గుహలో గీసిన గీతల దగ్గర మొదలుపెట్టాడు అల్లుడు. గుహలోంచి బయటికొచ్చేసరికి స్టవ్ మీద పాలు పొంగిపోయాయి, అన్నం మాడిపోయింది, పక్కింట్లోంచి వాసనేమిటని కబురు కూడా వచ్చింది.

మనుషులు చాలా తప్పులు చెబుతున్నారని గమనించి, ఆయన ప్రశ్నను మెరుగుపరిచాడు. ఆ తర్వాత ఇదేమిటని అడగలేదు. 'అర్థమైంది కదా?' అని అడగడం మొదలుపెట్టాడు.

అర్థమైంది, అంది భార్య, చేతిలో చీపురుతో. చూడగానే అర్థమైంది, అంది అత్తగారు, స్టవ్ వైపు పరుగెడుతూ. కూరగాయలబ్బాయి కూడా ఒకసారి గుహ దాకా వెళ్ళొచ్చినవాడే గనక, బొమ్మ చూపించక ముందే అర్థమైందన్నాడు. అలా ఆ గుర్తులకు నూటికి నూరు మార్కులు వచ్చాయి. విజ్ఞానశాస్త్రంలో ఇంతటి ఏకాభిప్రాయం ఎవరైనా సాధించారా?

అయితే డైరెక్టరమ్మగారు మొండిఘటం. మార్కులు కాగితం మీద బాగానే ఉన్నాయి, కళ్ళారా చూడాలంది. మామూలు మనిషినొకరిని తీసుకురావాలి. గుమ్మం దగ్గర వదిలేస్తే, ఎవరినీ అడక్కుండా, బొమ్మలు మాత్రమే చూసుకుంటూ ఎక్స్‌రే గదికి చేరాలి. చేరితే ఆ సాయంత్రమే పర్మనెంటు ఆర్డరు.

నూటికి నూరు వచ్చిన మనిషి ఇంట్లో ఉండగా బయట వెతకడమెందుకు? పైగా అత్తగారికి కొన్నాళ్ళుగా మోకాలి నొప్పి. ఎక్స్‌రే ఎలాగూ తీయించాలి. కూతురు బతిమాలితే ఆవిడ ఒప్పుకుంది. సోఫా ఖాళీ అవుతుందన్న ఆశ కూడా కొంత పనిచేసి ఉంటుంది.

గుమ్మం దగ్గర ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని గోడలు చూసింది. అలలు, చుక్కలు, కిటికీలు, ఒక చేప కూడా ఉంది. వెనక అడుగు దూరంలో డైరెక్టరమ్మగారు. ఆవిడ పక్కన నోరు మెదపకూడదన్న షరతు మీద అల్లుడు. ఆయన గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, గుండె డాక్టరు గది ఎక్కడో తెలిస్తే ముందు అక్కడికే వెళ్ళేవాడు.

ఒక్క క్షణం ఆవిడ ఆగింది. అంతలో కాలికి పిండికట్టుతో, చంకలో కర్రలతో ఒకాయన కుంటుకుంటూ కనిపించాడు. కాలు విరిగినవాడు ఎక్స్‌రేకి కాక ఎక్కడికి పోతాడు? ఆవిడ చెంగు దోపి ఆయన వెనకే బయల్దేరింది.

ఆ నడకలో ఏమి నిబ్బరం! డైరెక్టరమ్మగారు మురిసిపోయింది. అల్లుడి కళ్ళు చెమర్చాయి.

ఇక్కడ కథ మలుపు తిరిగింది. పిండికట్టు ఆయన పొద్దుట్నుంచీ ఎక్స్‌రే గది కోసమే తిరుగుతున్నాడు. తిరిగి చూస్తే వెనక ఒక పెద్దావిడ, ఆవిడ వెనక ఖరీదైన చీరలో ఒక అధికారి. వీళ్ళకి దారి తెలిసే ఉంటుందనుకుని, పక్కకి తప్పుకుని, ఆవిణ్ణి ముందుకు పోనిచ్చి, తను వెనక చేరాడు. ఆవిడకి ఆగడానికి మొహమాటం. ముందుకే నడిచింది. చుక్క తప్పినవాళ్ళు, కిటికీ తప్పినవాళ్ళు, చేప దగ్గర తెల్లమొహం వేసుకుని నిలబడ్డవాళ్ళు, ఎక్కడికో వెళ్తున్న గుంపు కనబడగానే కలిసిపోయారు. రెండు వసారాలు దాటేసరికి అది ఊరేగింపైంది. ముందు నడుస్తున్న ఆవిడకి తప్ప అందరికీ ఆవిడ మీద పూర్తి నమ్మకం!

మెట్లు దిగారు. మలుపు తిరిగారు. ఎదురుగా తలుపు. తలుపు మీద చదరపు గీతలో గుండ్రటి బొమ్మ.

హమ్మయ్య, టీవీ, అనుకుంది అత్తగారు. తలుపు తోసుకుని లోపలికెళ్ళి బల్ల మీద కూర్చుంది.

అల్లుడు తలుపు మీది బొమ్మను మళ్ళీ చూశాడు. ఎక్స్‌రే గది మేడ మీద ఉంది. ఇది లాండ్రీ! చదరపు గీతలో గుండ్రటిది బట్టలుతికే మిషను. రెండూ ఆయన చేత్తో వేసినవే. పక్కపక్కన ఎన్నడూ పెట్టి చూడలేదు.

లోపల పెద్ద మిషను గుండ్రటి అద్దంతో గిర్రున తిరుగుతోంది. లాండ్రీ ఆయన దుప్పట్లు మడతపెడుతున్నాడు. అత్తగారు మోకాలు ఆ మిషను వైపు చాపింది. గుమ్మంలో డైరెక్టరమ్మగారిని చూసి లాండ్రీ ఆయన బిగుసుకుపోయాడు. పెద్దవాళ్ళు ఏదో పని మీద వచ్చారు, ఏమిటని అడిగితే తెలివితక్కువవాడనుకుంటారు. చుట్టూ చూసి, అప్పుడే ఇస్త్రీ చేసిన వెచ్చటి తువ్వాలు మడిచి ఆవిడ మోకాలి మీద వేశాడు.

"అబ్బ, హాయిగా ఉంది," అంది అత్తగారు. "ఇంత సుఖమని తెలిస్తే ఎప్పుడో వచ్చేదాన్ని."

డైరెక్టరమ్మగారు గదంతా కలయజూసింది. ఎక్స్‌రే గది ఆవిడెన్నడూ చూసి ఎరగదు. ఏదో అనుమానం మాత్రం కనుబొమల మధ్య మెదిలింది. మెల్లగా అల్లుడి వైపు తిరిగి, ఇదే కదా, అని అడిగింది.

ఒక్క ముక్క. కాదంటే ఉద్యోగం పోతుంది. అవునంటే నిజం పోతుంది. బొమ్మల బాబుకి సోఫా గుర్తొచ్చింది. దాని మధ్యలో పొడుచుకొచ్చే స్ప్రింగు గుర్తొచ్చింది.

"చూడగానే అర్థమైంది కదండీ, మేడమ్?" అన్నాడు.

"ఆఁ, అర్థం కాకేం!" అంది డైరెక్టరమ్మగారు, అంత కంటే వేగంగా.

సాయంత్రానికి ఉద్యోగం పర్మనెంటైంది.

సంతోషంగా ఇంటికి వెళ్తుంటే దారిలో, ఏ గుర్తు ఎక్కువ సాయపడిందని అత్తగారిని అడిగాడు. గుర్తులా, ఏ గుర్తులు, నేను పిండికట్టు ఆయన వెనక పోయాను, అంది ఆవిడ.

"మరి అన్నీ అర్థమయ్యాయని ఇంట్లో చెప్పారు కదా అత్తయ్యగారూ?"

"కాలేదంటే మళ్ళీ గుహలోకి తీసుకెళ్తారు కదా అల్లుడుగారూ. స్టవ్ మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది నాకు."

మర్నాడు లాండ్రీ ముందు పెద్ద గుంపు. వెచ్చటి తువ్వాలు ఎక్స్‌రే సంగతి ఆసుపత్రంతా పాకిపోయింది. పిండికట్టు ఆయన ముందు వరసలో ఉన్నాడు. విరిగిన కాలికి తువ్వాలు వేయించుకోబోతున్న ఆయన్ని చూసి బాబు గబగబా ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో 'ఇది లాండ్రీ. ఎక్స్‌రే మేడ మీద, కుడివైపు' అని రాసి తలుపుకి అంటించాడు.

జనం దాన్ని చదివారు. పైకి చదివారు. ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు. ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. పిండికట్టు ఆయన మేడ మీదికి వెళ్ళి, కుడివైపు తిరిగి, నిజంగానే ఎక్స్‌రే తీయించుకున్నాడు.

డైరెక్టరమ్మగారు పరుగున వచ్చి, తలుపుకి మచ్చ పడిందని, ఆ కాగితం తీసేస్తావా, ఉద్యోగంలోంచి తీసేయమంటావా అని అడిగింది.

"తీసేయడం కుదరదండీ. నిన్న సాయంత్రమే పర్మనెంటైంది," అన్నాడు బాబు. అని జేబులోంచి ఇంకో కాగితం తీసి, కలం మూత విప్పి, చుక్క ఉన్న తలుపు వైపు నడిచాడు.

అందుకే అంటున్నాను, అర్థంకాని బొమ్మలు వెయ్యేళ్ళు వర్ధిల్లాలి! అవి లేకపోతే, 'మేడ మీద, కుడివైపు' అనే మాటల్లో ఇంత కవిత్వం ఉందని మనకు ఈ జన్మలో తెలిసేదా?