పదేళ్ళ సీసా

గురువుగారు పదకొండింటికి వస్తానన్నారు. ఆలోగా నేలమాళిగ ఊడ్చి, గ్లాసులు తుడిచి, పదేళ్ళ సీసాను కుదుపు లేకుండా పైకి తేవాలన్నది శిష్యుడి ప్లాను. బెల్జియం పద్ధతిలో పుల్లబీరు కాచడం నేర్పిన రోజునే ఆయన తెగేసి చెప్పారు: "మొదటి విడత పదేళ్ళు ఆగనీ. అప్పుడు రుచి చూసి, నువ్వు బీరు కాచేవాడివో కాదో చెబుతా." ఆ విడతలో మిగిలింది ఒకే సీసా. ఆ ఒక్క మాట కోసమే అతను పదేళ్ళుగా కళ్ళలో ఒత్తులు వేసుకుని ఎదురుచూస్తున్నాడు.

వంటింటి బల్ల మీద మూడు సీసాలు తళతళలాడుతూ కనిపించేసరికి అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పెద్దాయన వస్తుంటే దుమ్ము కొట్టుకుపోయిన సీసాలేంటి బాబూ? అన్నీ పైకి తెచ్చి కడిగేశా," అంది, నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చిన అతని అత్తగారు.

"అత్తయ్యా, వాటి మీద సుద్దతో సంవత్సరాలు రాసుకున్నాను."

"ఆ మరకలా? ఎంతకీ పోలేదు. పీచు పెట్టి రుద్దాల్సొచ్చింది."

ఏడాదిది, నాలుగేళ్ళది, పదేళ్ళది. అన్నీ ఒకే ఆకుపచ్చ గాజు. ఏది ఏదో తేల్చుకోవాలంటే బిరడా తీయక తప్పదు. తప్పు తనదే కాబట్టి తనూ చూస్తానని అత్తగారు గ్లాసు పట్టుకుంది. మొదటి సీసా పులుపు చెవుల దాకా పాకింది. పచ్చి ఆపిల్ కొరికినట్టు ఆవిడ ఒక కన్ను మూసేసుకుంది. ఇది ఏడాదిదే, సందేహం లేదు. రెండోదానిలో పులుపు ఉంది గానీ కోపం తగ్గింది. పాత తోలు వాసన, ఎండుగడ్డి వాసన, వాటి వెనక లీలగా ద్రాక్ష. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఇదే," అన్నాడు అల్లుడు. మూడోదాన్ని బిరడా తీయకుండానే తలుపు వెనక పెట్టేశాడు.

గురువుగారు వచ్చారు, రెండు గుక్కలు తాగారు, గ్లాసు కింద పెట్టారు.

"బాగుంది. కానీ పదేళ్ళకి ఇంతేనా?"

చేతికర్ర అందుకుని వెళ్ళిపోయారు.

అత్తగారికి ఉండబట్టలేదు. మూడో సీసా బిరడా తీసింది. తేనె, పాత చెక్క, ఎండిన పండ్ల వాసన వంటిల్లంతా నిండిపోయింది. పులుపు ఎక్కడికీ పోలేదు, అన్ని రుచులనూ కలుపుకుని ఇంటికి పెద్దలా కూర్చుంది. అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. తను చేసిందల్లా కాచి, పీపాలో పోసి, సీసాల్లో నింపి, తలుపు వేసి రావడమే. మిగిలిందంతా చీకట్లో, ఎవరూ చూడకుండా, కాలమే చేసుకుపోయింది.

"ఇదేనంటావా?" గొంతు తగ్గించి అడిగింది అత్తగారు.

"ఇందాక రెండోదాన్నీ ఇదే అన్నాం కదా అత్తయ్యా."

ఈసారి పొరపాటు జరగకూడదని ఇద్దరూ మరో గుక్క చూశారు. గాలి తగిలేకొద్దీ రుచి మారుతోంది. మారినప్పుడల్లా మళ్ళీ నిర్ధారించుకోవలసి వచ్చింది. నమ్మకం పూర్తిగా కుదిరాక అల్లుడు వీధిలోకి పరుగెత్తాడు. బస్సు రాక స్టాపులోనే నిలబడ్డ గురువుగారిని బతిమాలి వెనక్కి తీసుకొచ్చాడు. సీసా వంచితే చుక్క రాలలేదు.

ఆ సీసాలోది తాగిన ఖాళీ గ్లాసును గురువుగారు అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. చాలాసేపటికి తలెత్తారు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"నువ్వు బీరు కాచేవాడివేరా," అన్నారు. "ఇంకో సీసా తీసుకురా."

"అదే ఆఖరిదండి. మళ్ళీ కావాలంటే పదేళ్ళు ఆగాలి."

"నాకేం తొందర?" అన్నారు ఎనభై రెండేళ్ళ గురువుగారు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.