ధరాఘాత ధ్రువపత్రం

ఆశ్చర్యపోవడం ఇకమీదట మనిషి సొంత వ్యవహారం కాదనీ, దానికీ ఒక కౌంటరు, ఒక ఫారం, ఒక రబ్బరు ముద్ర ఉంటాయనీ ఆ జూలై నెలలో కంపాలా నగర ప్రజలకు తెలిసివచ్చింది. లుమూరి కంపెనీ తన పన్నెండో రకం ఫోనును విడుదల చేసి, ధర ఇరవై నాలుగు లక్షల షిల్లింగులని ప్రకటించింది. జనం రెండు రోజులపాటు రేడియోలకు ఫోన్లు చేసి గగ్గోలు పెట్టారు. మూడో రోజు కంపెనీ మరో ప్రకటన చేసింది. ప్రజల ఆవేదన తమ మనసును కదిలించిందనీ, ధర విని నిజంగా నిర్ఘాంతపోయినవారికి అదే ఫోను ఎనిమిది లక్షలకే ఇస్తామనీ, ఆ నిర్ఘాంతం అసలుదో నకిలీదో తేల్చడానికి ‘ధరాఘాత నిర్ధారణ విభాగం’ ఏర్పాటు చేశామనీ అందులో ఉంది. (మిగతా పదహారు లక్షలు ఎందుకు కలిపారని ఎవరూ అడగలేదు. అది అడగడానికి వేరే ఫారం ఉంది.)

ఆ నగరంలోనే కన్యాన్యా పేట బళ్ళో భూగోళం పాఠాలు చెప్పే ఎరియా సెకబిరా మేష్టారు ఈ ప్రకటన విని ఎంతో సంతోషించాడు. ఆయన భార్య నమ్యాలో షార్జాలో ఒక ఇంట్లో వంటపని చేస్తోంది. ఆమె వెళ్ళిన నెలకే ఆయన ఫోను మోటారు సైకిలు మీదనుంచి జారిపడి, తెర ఎడమ సగం నల్లబడిపోయింది. అప్పటినుంచి రెండేళ్ళుగా ఆయన భార్య ముఖంలో కుడి సగంతోనే కాపురం చేస్తున్నాడు. ఆమె నవ్విందో లేదో పెదవి కొస చూసి ఊహించుకోవాలి. ఏడిస్తే, ఏ కంటితో ఏడ్చిందన్నదాన్ని బట్టి తెలుస్తుంది.

డిసెంబరులో ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. తిరుగు టికెట్టు మాత్రం సొంత ఖర్చు. మేష్టారి దగ్గర ఇరవై అయిదు లక్షలున్నాయి, అందులో టికెట్టుకు పదహారు. అంటే ఎనిమిది లక్షలు పెడితే ఫోనూ వస్తుంది, భార్యా వస్తుంది. ఇరవై నాలుగు పెడితే ఫోనొక్కటే వస్తుంది. అయిదు నెలలు ఆగితే మనిషే వస్తుంది కదా, ఈలోగా ఫోనెందుకు అని అడిగేవాళ్ళు సగం ముఖంతో రెండేళ్ళు మాట్లాడి చూడాలి.

నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. ధర చెప్పిన నాలుగు సెకన్లలోపు కనుబొమలు రెండు వేళ్ళ ఎత్తు లేవాలి. చెయ్యి నెత్తికో గుండెకో చేరాలి. ‘బనాంగే!’ అని గట్టిగా అరవాలి. (మన దుఃఖంలోకి స్నేహితులందర్నీ లాగే ఈ కేక లేనిదే ఇక్కడ ఏ దుఃఖమూ చెల్లదు.) ఆ డబ్బుతో ఇంకేమి కొనవచ్చో కనీసం ఒకటి చెప్పాలి. మూర్ఛపోయినవారిని గైర్హాజరుగా లెక్కిస్తారు. వీటన్నిటితోపాటు వార్డు చైర్మన్ ఉత్తరం జతపరచాలి.

ఉత్తరం కోసం వెళితే చైర్మన్ కసోజీ తన దగ్గరున్న ఒకే ఒక నమూనా తీసి, పేరు నింపి, ముద్ర కొట్టి ఇచ్చాడు. ఆ నమూనాతోనే ఆయన పెళ్ళిళ్ళకూ, పాస్‌పోర్టులకూ, కుక్కల లైసెన్సులకూ ఉత్తరాలిస్తాడు. అందులో ఇలా ఉంది: “ఇతను మంచి నడవడిక కలవాడు. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడి ఎరుగడు.”

పక్కింటి నాలోంగోకు పని ఒక్క పూటలో అయిపోయింది. కవలల్ని కన్న ఆ ఇల్లాలు బజారులో అరటి గెలలు అమ్ముతుంది. ధర వినగానే “బనాంగే! ఇది ఫోనా, ముకోనోలో ఇళ్ళ స్థలమా? దీంతో పద్నాలుగు మేకలొస్తాయి! వాటికి పిల్లలు పుడతాయి! ఆ పిల్లలకి పిల్లలు...” అని మొదలుపెట్టింది. రెండో తరం మేకలు పుట్టకముందే అధికారి ముద్ర వేసేశాడు.

సెకబిరా మేష్టారి చిక్కల్లా ఆయన పెంపకంతో వచ్చింది. ఎవడైనా తన ఇల్లు తాను కట్టుకుంటున్నా “కడుతున్నందుకు ధన్యవాదాలు” అని చెప్పకుండా దాటిపోని ఇంట్లో పుట్టాడాయన. వండినవాళ్ళకు వండినందుకు, తిన్నవాళ్ళకు తిన్నందుకు, ఊరికే కూర్చున్నవాళ్ళకు క్షేమంగా కూర్చున్నందుకు ధన్యవాదాలు చెబుతాడు. మగవాళ్ళెవరినైనా ‘సెబో’, అంటే అయ్యా, అనే పిలుస్తాడు.

కౌంటరులో బైరుగాబా అనే అధికారి ఉన్నాడు. కళ్ళజోడు సర్దుకుని గడియారం నొక్కాడు.

“ధర ఇరవై నాలుగు లక్షల షిల్లింగులు.”

మేష్టారి గుండె గుభేలుమంది. నోరు మాత్రం అలవాటుగా కదిలింది.

“అయ్యో, ఎంత ఆలోచించి కట్టుంటారో ఈ ధర! కట్టినందుకు ధన్యవాదాలు సెబో.”

అధికారి ఫారంలో ‘సంతృప్తి’ అని రాశాడు.

“అది కాదండీ, నాకు లోపల చాలా బాధగా ఉంది.”

“లోపలి బాధకి ఫారంలో గడి లేదు మేష్టారూ. కనుబొమ కదిలిందా? లేదు. పైగా మీ చైర్మనే రాసిచ్చాడు, మీకు గొంతు పెంచడం రాదని. ఇంకో అవకాశముంది. వారం తర్వాత రండి.”

“చెప్పినందుకు ధన్యవాదాలు,” అన్నాడు మేష్టారు. బైరుగాబా అది కూడా రాసుకున్నాడు.

ఆ వారమంతా నాలోంగో ఆయనకు శిక్షణ ఇచ్చింది. తన అంగడి ముందు పీట వేసి కూర్చోబెట్టి, ఒక గెల ఎత్తి చూపించింది.

“ఇది రెండు లక్షలు! ఏమంటారు?”

“రెండు లక్షలా... ఇంత దూరం మోసుకొచ్చినందుకు ధన్యవాదాలు నాలోంగో.”

“నా ఖర్మ! తిట్టండి మేష్టారూ! బళ్ళో పిల్లల్ని తిట్టరా మీరు?”

“తిడతానే. తప్పు రాసినందుకు ధన్యవాదాలు, మళ్ళీ రాయండి అంటాను.”

“మీ ఆవిడ మీతో ఎట్లా పోట్లాడిందయ్యా ఇన్నాళ్ళూ?”

“ఇద్దరం అట్లాంటివాళ్ళమే,” అన్నాడాయన దిగులుగా. “మా పోట్లాటలు ఎప్పుడు మొదలయ్యాయో మాకే తెలిసేది కాదు.”

నాలోంగోకు తల ప్రాణం తోకకొచ్చింది. అయినా వదల్లేదు. వారం తిరిగేసరికి మేష్టారు మేకల దాకా తప్పు లేకుండా చెప్పగలిగాడు.

రెండోసారి కౌంటరులో అంతా సవ్యంగా జరిగింది. ధర వినగానే కనుబొమలు నుదుటి మీదికి ఎగబాకాయి. రెండు చేతులూ నెత్తి మీద పడ్డాయి. “బనాంగే! పద్నాలుగు మేకలు!” అన్న కేకకు వరుసలో వెనకున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. బైరుగాబా ముద్ర చేతిలోకి తీసుకుని సిరాలో అద్ది పైకెత్తాడు. మేష్టారి కళ్ళ ముందు భార్య ముఖం రెండు చెంపలతో కనబడింది. ఆ ఆనందంలో ఆయన ఒళ్ళు మరిచిపోయాడు.

“అరిచినందుకు క్షమించండి సెబో. ముద్ర ఎత్తినందుకు ధన్యవాదాలు.”

ముద్ర గాలిలోనే ఆగిపోయింది. పంతొమ్మిదో నిబంధన ప్రకారం, క్షమాపణ చెబితే ఆశ్చర్యాన్ని వెనక్కి తీసుకున్నట్టే. ఇరవయ్యో నిబంధన ప్రకారం, రెండు అవకాశాల్లోనూ ధన్యవాదాలు చెప్పినవాడు ‘సమ్మత వినియోగదారుడు’. అతనికి పూర్తి ధరకు సగౌరవంగా అమ్మాలి. (వద్దంటే అమ్మరు. కంపెనీ ఎవరినీ బలవంతపెట్టదు.)

బైరుగాబా లేచి నిలబడ్డాడు. వచ్చినందుకు ధన్యవాదాలన్నాడు. వరుసలో ఓపిగ్గా నిలబడినందుకు ధన్యవాదాలన్నాడు. టీ తెప్పించాడు. పెట్టె తెరిచి, తెర మీద కాగితం మెల్లగా ఒలిచి, ఫోను రెండు చేతులతో అందించాడు.

“కొంటున్నందుకు ధన్యవాదాలు మేష్టారూ.”

ఇంత మర్యాద చేసిన మనిషికి ‘వద్దు’ ఎలా చెప్పాలో సెకబిరాకు ఎవరూ నేర్పలేదు. నాలోంగో మేకల దాకానే నేర్పింది. టీ తాగాడు. డబ్బు కట్టాడు.

ఇంటికి వెళ్ళి నమ్యాలోకు వీడియో కాల్ చేశాడు. తెర నిండా ఆమె ముఖం వచ్చింది. రెండేళ్ళలో మనిషి సగమైంది. ఇన్నాళ్ళూ కనబడని చెంప మీద నూనె చిందిన మచ్చ ఉంది. దాని సంగతి ఆమె ఏనాడూ చెప్పలేదు.

“ఎంతయింది సెబో?” అని అడిగింది.

ఆయన చెప్పాడు. ఆమె కనుబొమలు లేచాయి. చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. తర్వాత ఆమె చెయ్యి దించి, పమిట సర్దుకున్నట్టు మెడ దగ్గర గుడ్డ సర్దుకుంది.

“కొన్నందుకు ధన్యవాదాలు,” అంది. “అమ్మగారిని అడిగి కాంట్రాక్టు ఇంకో ఏడాదికి రాయించుకుంటాలెండి.”

నవ్వుతూనే అంది. ఆ నవ్వు రెండు పెదవి కొసల దాకా చక్కగా కనబడింది, ఇంకో ఏడాది పాటు అంత చక్కగానూ కనబడుతుంది.